కళాసీల బాకీ: నార్వే క్షమాపణ వెనుక కథ

2013లో నార్వే రక్షణ మంత్రి ఆనె గ్రేతె స్త్రోమ్ ఎరిక్సెన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ దేశపు వర్తక నౌకల మీద పనిచేసిన కళాసీలకు ఆ క్షమాపణ. అప్పటికి యుద్ధం ముగిసి 68 ఏళ్లయింది. 1940లో పద్దెనిమిదేళ్లకు ఓడెక్కిన కుర్రాడు అప్పటిదాకా బతికుంటే వయసు తొంభై దాటి ఉంటుంది. చాలామంది ఆ మాట వినకుండానే పోయారు. సొంత ప్రజలకే ఒక దేశం ఇంత ఆలస్యంగా తప్పు ఒప్పుకోవలసి రావడానికి కారణం తెలియాలంటే ఆ ఓడల వెంట వెళ్లాలి.

1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు నార్వే మీద పడేనాటికి ఆ చిన్న దేశానిది ప్రపంచంలో నాలుగో పెద్ద వర్తక నౌకాదళం. దాదాపు వెయ్యి ఓడలు నానా సముద్రాల మీద ఉన్నాయి. వాటిలో చాలావి కొత్తవి, డీజిల్ ఇంజన్లతో వేగంగా నడిచేవి. ప్రపంచంలోని చమురు ట్యాంకర్ల సామర్థ్యంలో దాదాపు ఐదో వంతు నార్వే చేతిలోనే ఉండేది. జర్మన్ల అండతో రాజధాని ఓస్లోలో గద్దెనెక్కిన నార్వే నాజీ నేత క్విస్లింగ్ పక్షం రేడియోలో ఓడలన్నిటికీ ఆజ్ఞ పంపింది: నార్వేకు తిరిగి రండి, కుదరకపోతే తటస్థ దేశాల రేవులకో ఇటలీ రేవులకో చేరండి. సముద్రం మీద స్వేచ్ఛగా ఉన్న ఒక్క ఓడా ఆ మాట వినలేదు. పెళ్లాం పిల్లలు, తల్లిదండ్రులు శత్రువు గుప్పిట్లో ఉన్న ఇంటికి వీపు తిప్పి వాళ్లు మిత్రపక్షాల రేవుల వైపు ఓడలు మళ్లించారు. ఆ తర్వాత ఐదేళ్లు చాలామందికి ఇంటి కబురు సరిగా అందలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే. తర్వాత జరిగిన అన్యాయం ఎంత బరువైనదో ఈ నిర్ణయం పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

కొద్ది రోజుల్లోనే, జర్మన్లకు లొంగని అసలు నార్వే ప్రభుత్వం ఓడలన్నిటినీ తన అధీనంలోకి తీసుకుంది. వాటిని నడపడానికి లండన్‌లో, న్యూయార్క్‌లో కార్యాలయాలతో నోర్‌ట్రాషిప్ అనే సంస్థ ఏర్పడింది. అప్పట్లో ప్రపంచంలో అంత పెద్ద నౌకా సంస్థ మరొకటి లేదు. తర్వాత లండన్‌కు తరలి ప్రవాసంలో ఉన్న ఆ ప్రభుత్వం ఎవరి ముందూ చేయి చాచకుండా బతికింది ఈ ఓడల సంపాదన మీదే. నార్వే ట్యాంకర్లు లేకపోతే బ్రిటన్ ఆకాశంలో స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధ విమానాలు ఎగరడానికి పెట్రోలే ఉండేది కాదని బ్రిటిష్ యుద్ధ రవాణా శాఖ బాధ్యతల్లో ఉన్న ఫిలిప్ నోయల్ బేకర్ బహిరంగంగా అన్నారు.

ఆ పెట్రోలు వచ్చింది కాన్వాయ్‌లలో. కెనడాలోని హాలిఫాక్స్ నుంచి వేగమైన ఓడల గుంపులు హెచ్‌ఎక్స్ పేరుతో బయలుదేరేవి. కేప్ బ్రెటన్ దీవిలోని సిడ్నీ రేవు నుంచి మొదలైన నెమ్మది గుంపుల పేరు ఎస్‌సీ. గుంపంటే ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి అరవై ఓడలు వరసలు కట్టి నడవడం. అన్నిటికన్నా నిదానమైన ఓడ ఎంత పోగలిగితే గుంపంతా అంతే. రాత్రి ఒక్క దీపం వెలగకూడదు. ముందున్న ఓడ ఎక్కడుందో మంచులో, చీకట్లో ఊహించుకుంటూ చుక్కాని పట్టాలి. కెనడా వైపు నుంచీ ఐస్‌లాండ్, బ్రిటన్ వైపుల నుంచీ వచ్చే విమానాలు చేరలేని ఖాళీ ఒకటి నడి అట్లాంటిక్‌లో ఉండేది. జర్మన్ జలాంతర్గాములు మందలుగా కాచుకునేది అక్కడే. 1940 అక్టోబరులో ఎస్‌సీ 7 కాన్వాయ్‌లో బయలుదేరిన 35 ఓడల్లో 20 మునిగాయి. వాటిలో నార్వే ఓడలూ ఉన్నాయి.

పక్క ఓడకు టార్పెడో తగిలితే ఆగి మనుషుల్ని ఎత్తుకోకూడదన్నది నియమం. ఆగిన ఓడే తర్వాతి గురి. నీళ్లలోంచి అరిచేవాళ్లను దాటుకుని పోవాలి. గుంపు చివర ప్రత్యేకంగా రక్షణ ఓడలు నడపడం 1941 నుంచి మొదలైంది. ఏ ఓడలో ఏ సరుకుందన్నదాన్ని బట్టి కళాసీ తన ఆయుష్షు లెక్కేసుకునేవాడు. కలప ఓడ తేలుతుంది, కొంత వ్యవధి ఇస్తుంది. ఇనుప ఖనిజం నింపిన ఓడ రాయిలా దిగిపోతుంది. విమాన పెట్రోలు ట్యాంకరైతే దిగడానికి కూడా మిగలదు. అందుకే బట్టలు విప్పకుండా, లైఫ్ జాకెట్ దగ్గర పెట్టుకుని పడుకునేవాళ్లు. దెబ్బకు ఓడ వంకరపోతే గది తలుపు బిగుసుకుంటుందని దాన్ని తెరిచే ఉంచేవాళ్లు. ఇలాంటి నిద్ర నెలలు కాదు, ఏళ్లు.

వాన్యా అనే నార్వే ట్యాంకర్ ప్రయాణమొకటి చెప్పాలి. 1942 డిసెంబరు 28న ట్రినిడాడ్ నుంచి టీఎం 1 కాన్వాయ్ జిబ్రాల్టర్‌కు బయలుదేరింది. ఉత్తర ఆఫ్రికాలో పోరాడుతున్న మిత్రసేనలకు చమురు చేర్చడం దాని పని. తొమ్మిది ట్యాంకర్లకు కాపలా ఒక డిస్ట్రాయర్ యుద్ధనౌక, అంతకన్నా చిన్నవైన మూడు కొర్వెట్ నౌకలు. జనవరి 3 రాత్రి మొదటి దెబ్బ తగిలింది. ఆ తర్వాత దారి పొడవునా వేటే. నార్వేకు చెందిన ఆల్బర్ట్ ఎల్. ఎల్స్‌వర్త్, మినిస్టర్ వెడెల్ పోయాయి. జనవరి 14న జిబ్రాల్టర్ చేరినవి రెండే: బ్రిటిష్ ట్యాంకర్ క్లియోనా, నార్వే ట్యాంకర్ వాన్యా. తొమ్మిదిలో రెండు. అలా చేరిన ఓడ సరుకు దించాక మళ్లీ నింపుకోవడానికి వెనక్కి పోవాలి. ఆ వెనుతిరుగు ప్రయాణాల గురించి తలచుకునేవాళ్లు తక్కువ.

ఈ యుద్ధం అట్లాంటిక్‌కే పరిమితం కాలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నాం. అదే రోజు మన తీరానికి ఆవల బంగాళాఖాతంలో జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాబలం కలకత్తా నుంచి చెదరగొట్టి పంపిన వర్తక నౌకల్ని వెంటాడి ముంచింది. వాటిలో డాగ్‌ఫ్రెద్, హెర్మోద్ అనే నార్వే ఓడలున్నాయి. ఆ సముద్రంలో ఆనాడు కాన్వాయ్ లేదు, కాపలా లేదు.

1943 మార్చిలో హెచ్‌ఎక్స్ 229, ఎస్‌సీ 122 కాన్వాయ్‌లు రెండూ కలిపి 22 ఓడలు పోగొట్టుకున్నాయి. మే నాటికి దూరం పోగల విమానాలు, మెరుగైన రాడార్, అదనపు కాపలా నౌకలు వచ్చి పాచిక తిరగబడింది. మొత్తం మీద నార్వే వర్తక నౌకాదళంలో దాదాపు సగం సముద్రంపాలైంది. 3,000 మందికి పైగా కళాసీలు చనిపోయారు.

ఇక బాకీ సంగతి. నార్వే కళాసీలకు యుద్ధ ప్రమాద భత్యం బ్రిటిష్ కళాసీలకన్నా బాగా ఎక్కువుండేది. ఒకే కాన్వాయ్‌లో పక్కపక్కన నడిచే మనుషులకు ఇంత తేడా ఉంటే తమవాళ్లు ఊరుకోరని బ్రిటన్ భయపడింది. 1940లో నార్వేవాళ్ల భత్యం తగ్గించారు. తగ్గించిన సొమ్మును ఒక నిధిలో వేసి, యుద్ధం తర్వాత కళాసీల కోసం వినియోగించాలన్నది ఏర్పాటు. బ్రిటిష్ కళాసీల చెవిన పడకూడదని దాన్ని గుట్టుగా ఉంచారు. అందుకే ఆ డబ్బుకు రహస్య నిధి అన్న పేరు నిలిచిపోయింది.

యుద్ధం ముగిసేసరికి అందులో 4 కోట్ల క్రోనర్లకు (నార్వే నాణెం) పైగా పోగయ్యాయి. అది తమ చెమట డబ్బని, మనిషికింతని లెక్కగట్టి ఇస్తారని కళాసీలు ఎదురుచూశారు. 1948లో నార్వే పార్లమెంటు వేరే తీర్మానం చేసింది: ఎవరికీ పంచేది లేదు, ఇబ్బందుల్లో ఉన్న కళాసీలకూ చనిపోయినవాళ్ల భార్యలకూ సాయంగా వాడాలి. వితంతువులకు సాయం అందడాన్ని ఎవరూ కాదనరు. కానీ సంపాదించిన జీతం కోసం నిరుపేదనని అర్జీ పెట్టుకోవలసి రావడం కళాసీకి అవమానంగా తగిలింది. మునిగిన ఓడలకు యజమానులు పరిహారం పుచ్చుకున్నారు కదా అన్న మాట ఆ అవమానాన్ని రెట్టింపు చేసింది. కోర్టుకెక్కారు. 1954లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు.

అంతకన్నా లోతైన దెబ్బ ఇంకొకటుంది. 1945 మేలో నార్వే వీధుల్లో విముక్తి సంబరాలు జరిగినప్పుడు వీళ్లలో చాలామంది ఇంకా సముద్రం మీదే ఉన్నారు. జపాన్‌తో యుద్ధం సాగుతూనే ఉంది, ఓడలు కావాలి. ఇంటికి వచ్చేసరికి దండలు వాడిపోయాయి, ఉద్యోగాలు నిండిపోయాయి. నిద్ర పట్టక, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి, తాగుడుకు లోనైనవాళ్లను తాగుబోతులనే అన్నారు. యూనిఫాం లేదు కాబట్టి వీరులూ కాలేదు. వైద్యుడు ఫిన్ ఆస్కెవొల్ద్ ఈ లక్షణాలన్నీ కలిపి పరిశోధించి, యుద్ధ కళాసీల రుగ్మత అని పేరు పెట్టేసరికి 1970లు వచ్చాయి.

1972లో పార్లమెంటు చివరికి చేతులు కదిలించింది. యుద్ధకాలంలో ఓడ మీద గడిపిన ఒక్కో నెలకు 180 క్రోనర్లు. దాన్ని బాకీ తీర్చడమని అనలేదు, స్వచ్ఛందంగా ఇస్తున్నదని అన్నారు. చాలామంది పుచ్చుకున్నారు. కోరింది డబ్బొక్కటే కాదని, మీదే న్యాయమన్న మాట కావాలని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆ మాటకు మరో 41 ఏళ్లు పట్టింది.

క్రిస్టియాన్‌సాన్ రేవులో ఇప్పుడు హెస్ట్‌మాండెన్ అనే పాత ఆవిరి ఓడ ఉంటుంది. 1911లో కట్టింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ కాన్వాయ్‌లలో నడిచి, రెండింటినుంచీ బయటపడింది. యుద్ధ కళాసీల మ్యూజియంగా దాన్ని బాగుచేసి నిలిపారు. అదే నగరంలో పరిశోధకులు ఆనాటి ఓడలు, కళాసీల వివరాల పట్టిక తయారుచేస్తున్నారు. ఆ ఓడల మీద పనిచేసిన చైనావాళ్లు, భారతీయులు, బ్రిటిష్‌వాళ్ల పేర్లకు కూడా అందులో చోటుంది.