బి-సైడ్ కోసం రికార్డు చేసిన జానపదం

2000లో ఉత్తమ హార్డ్ రాక్ ప్రదర్శనకు అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా గ్రామీ అవార్డు అందుకుంది. ఆ పాట 'విస్కీ ఇన్ ద జార్'. దాన్ని మెటాలికా సొంత పాట అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. నిజానికి అది ఐర్లాండ్ జానపదం.

కార్క్, కెర్రీ కొండల్లో దారి కాచి దోచుకునే ఒకడు ఓ సైన్యాధికారిని దోచుకుంటాడు. ఆ సొమ్ము తెచ్చి ప్రేమించిన పిల్ల చేతిలో పెడతాడు. ఆమే అతణ్ణి పట్టిస్తుంది. నోటి నుంచి నోటికి సాగిన పాట కాబట్టి పాడేవాళ్లను బట్టి పేర్లు మారిపోతాయి. ఒకరి నోట ఆ పిల్ల జెన్నీ, మరొకరి నోట మాలీ. 1960లలో డబ్లినర్స్ బృందం బాంజో మీద దీన్ని హుషారుగా పాడింది. పబ్‌లో అందరూ గొంతు కలిపే పాటగానే జనానికి గుర్తుండిపోయింది.

1972లో దీన్ని ఐర్లాండ్ రాక్ బ్యాండ్ థిన్ లిజ్జీ అందుకుంది. అప్పట్లో బ్యాండ్‌లో ఉన్నది ముగ్గురే: పాడుతూ బాస్ వాయించే ఫిల్ లైనట్, గిటార్ మీద ఎరిక్ బెల్, డ్రమ్స్ మీద బ్రయాన్ డౌనీ. రిహార్సల్‌లో సరదాకి వాయించిన పాట ఇది. వైపుకో పాట ఉండే సింగిల్ రికార్డుకి తమ సొంత పాటే ముఖ్యమని, ఇది వెనకవైపు, అంటే బి-సైడ్‌లో, ఉంటే చాలని వాళ్లు అనుకున్నారు. రికార్డు కంపెనీ డెక్కా మాత్రం దీన్నే ముందుకు తెచ్చింది. మా సంగీతం ఇది కాదు కదా అని బ్యాండ్ బాధపడింది. అయినా 1973 మొదట్లో ఆ రికార్డు బ్రిటన్ చార్టులో 6వ స్థానానికి చేరింది. ఐర్లాండ్‌లో మొదటి స్థానమే దక్కింది.

ఈ కథలో అందరికంటే ఎక్కువగా తలుచుకోవాల్సింది ఎరిక్ బెల్‌ని. మొదట్లో వినిపించే ఆ గిటార్ వరుస పాత జానపదంలో లేదు, అది అతని సృష్టి. వేగం తగ్గింది. లైనట్ గొంతులో దిగులు చేరింది. తాగి చిందులేసే పాట కాస్తా మోసపోయినవాడి గోడుగా మారింది. ఇంత పాత పాటను ఇంతగా మార్చి, అయినా దాని ప్రాణం పోకుండా చూడటం చాలా అరుదు.

1973 ముగిసేసరికి బెల్ బ్యాండ్ వదిలేశాడు. 1986 జనవరిలో లైనట్ చనిపోయాడు.

మెటాలికా 1998లో 'గరాజ్ ఇంక్.' ఆల్బమ్ కోసం పాడింది థిన్ లిజ్జీ రూపాన్నే, డబ్లినర్స్ పాడిన పద్ధతిని కాదు. గిటార్ల బరువు పెరిగింది, జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతు గరుకుగా ఉంటుంది, కానీ బెల్ కట్టిన వరుస మాత్రం అలాగే ఉంది. అందుకే ఆ ఆల్బమ్‌లో ఈ పాటను సంప్రదాయ గీతంగా చెబుతూనే, కూర్పు దగ్గర బెల్, డౌనీ, లైనట్ పేర్లు వేశారు.