పుస్తకం ఒకటే, 'బూకా'నా 'బూకెన్'నా?

నార్వేజియన్‌లో పుస్తకాన్ని 'బూక్' అంటారు. ఏదో ఒక పుస్తకం కాదు, ఫలానా పుస్తకమే అని చెప్పాలంటే విభక్తి తగిలించినట్టు మాట చివర ప్రత్యయం చేరుస్తారు. చిక్కంతా అక్కడే. బూక్మోల్ అనే ప్రధాన రాతభాషలో స్త్రీలింగపు -ఆ తగిలించిన 'బూకా' ఒప్పే, పుంలింగపు -ఎన్ తగిలించిన 'బూకెన్' కూడా ఒప్పే.

1380 నుంచి 1814 దాకా నార్వే డెన్మార్క్‌తో కలిసి ఉండటంతో రాత డేనిష్‌లోకి మారిపోయింది. డేనిష్‌లో పుంలింగం, స్త్రీలింగం కలిసిపోయాయి కాబట్టి కాగితం మీద 'బోగెన్' ఒక్కటే. జనం నోట మాత్రం మూడు లింగాలూ నిలిచాయి. పడమటి తీరాన ఉన్న బెర్గెన్ నగరానిది వేరే దారి: అక్కడి యాసలో స్త్రీలింగం పోయింది. హాన్సా అనే ఉత్తర జర్మన్ వర్తక కూటమి వాళ్ల భాష లో-జర్మన్‌తో సావాసమే కారణమని సాధారణంగా చెబుతారు. ఆ అమ్మాయి అనడానికి మిగతా చోట్ల 'యెంటా' అంటే, బెర్గెన్‌లో 'యెంటెన్'.

భాషావేత్త ఈవార్ ఓసెన్ ఊరూరా తిరిగి మాండలికాలు సేకరించి 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు తెచ్చాడు. నార్వే రెండో రాతభాష అయిన నేటి నీనోర్స్క్‌కు పునాది అదే, అందులో 'బూకా' ఒక్కటే చెల్లుతుంది. బూక్మోల్ పుట్టింది డేనిష్ రాతను విడతలవారీగా దిద్దుకుంటూ. 1907లో 'బోగ్' కాస్తా 'బూక్' అయింది, కేకు 'కాగె' నుంచి 'కాకె' అయింది. 1917లో చాలా మాటలకు -ఆ ఐచ్ఛికంగా వచ్చింది. 1938లో దాన్ని ఎన్నో మాటలకు తప్పనిసరి చేయడంతో నిప్పు రాజుకుంది. 1950ల మొదట్లో ఓస్లోలో తల్లిదండ్రులు పిల్లల పాఠ్యపుస్తకాలను పెన్నుతో దిద్దారు! 1981లో -ఎన్‌కు మళ్లీ తలుపు తెరిచారు.

రెండూ ఒప్పే కదా అని కలిపేస్తేనే తప్పు. 'ఎయ్ బూక్' (ఒక పుస్తకం) అని స్త్రీలింగంలో మొదలుపెడితే తర్వాత 'బూకా'నే రావాలి, నా పుస్తకం 'బూకా మి' కావాలి. 'ఎన్ బూక్' అంటే రెండు రూపాలూ కుదురుతాయి. 'బూకెన్ మిన్' సరే, 'బూకెన్ మి' కుదరదు.

విశేషణం వస్తే కొత్తవాళ్లు ఇంకోచోట జారుతారు. ఆ పెద్ద పుస్తకం అనడానికి 'డెన్ స్టూరె బూకా': ముందు 'డెన్' ఉన్నా చివరి ప్రత్యయం పోదు. డేనిష్‌లో పోతుంది, అందుకే 'డెన్ స్టూరె బూక్' అంటే డేనిష్ వాసన కొడుతుంది. నపుంసకంలో -ఆనా -ఎన్‌నా అనే గొడవ లేదు. ఇల్లు 'హూస్', ఆ ఇల్లు 'హూసె'. రాతలో చివర ట-కారం ఉంటుంది, పలకరు.