సైట్ ఆగిపోతే హ్యాక్ అయినట్టేనా? ఉద్యమ వెబ్‌సైట్లపై దాడులు: అపోహలు - వాస్తవాలు

వెబ్‌సైట్ల మీదికి వచ్చే దాడులను కనిపెట్టి ఆపడం నా ఉద్యోగం. అమెరికా పగలు మనకు రాత్రి కాబట్టి, అక్కడ ఆందోళనలు పెరిగిన రోజుల్లో హైదరాబాద్‌లో నాలాంటి వాళ్ళకు నిద్ర ఉండదు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు మోకాలి కింద ఊపిరాడక చనిపోయాక జరిగింది అదే. వీధుల్లో జనం పెరిగేకొద్దీ హక్కుల సంఘాల సైట్ల మీద దాడులూ పెరిగాయి. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ అవే అపోహలు మళ్ళీ వినిపిస్తాయి.

అపోహ: సైట్ తెరుచుకోవడం లేదంటే హ్యాక్ చేశారని, సభ్యుల వివరాలన్నీ పోయాయని.

చాలాసార్లు అలా ఏమీ జరగదు. ఆందోళనల సమయంలో ఎక్కువగా వచ్చేది డీడాస్ దాడి, అంటే చాలా చోట్ల నుంచి ఒకేసారి ఉత్తుత్తి రిక్వెస్టులు పంపి సైట్‌ను ఊపిరాడకుండా చేయడం. బస్టాండులో కౌంటర్ ముందు వందమందిని నిలబెట్టి, ఒక్కొక్కరి చేతా "తునికి ఎంత? పోనీ, అనకాపల్లికి ఎంత?" అని అడిగిస్తూ, ఎవరూ టికెట్ కొనకుండా చేస్తే ఏమవుతుంది? నిజంగా ఊరెళ్ళాల్సినవాడు వెనకే ఉండిపోతాడు. గల్లాపెట్టె జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. ఇదీ అంతే. ఆ టెన్షన్‌లో సంఘం వాళ్ళే "మన డేటా పోయింది" అని గ్రూపుల్లో మెసేజ్ పెట్టేస్తారు. దాడి చేసినవాడికి అంతకంటే కావాల్సిందేముంది? ముందు లాగిన్ రికార్డులు చూడండి. కొత్త అడ్మిన్ ఖాతా గానీ, తెలియని చోటు నుంచి లాగిన్ గానీ కనిపిస్తే అప్పుడు కంగారు పడొచ్చు.

అపోహ: ఇంత పని చేయాలంటే వెనక ఏదో ప్రభుత్వం ఉండాలి.

కొన్నిసార్లు ఉంటుంది. 2015 మార్చిలో చైనా సెన్సార్‌షిప్‌ను తప్పించుకోవడానికి సాయపడే గ్రేట్‌ఫైర్ మీద, దాని పేజీలున్న గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్) మీద పెద్ద దాడి జరిగింది. చైనా సెర్చ్ ఇంజిన్ బైదు సర్వర్లకు వెళ్ళే ట్రాఫిక్‌లో దారి మధ్యలోనే కోడ్ చొప్పించి, ఏ పాపం ఎరగని వాళ్ళ బ్రౌజర్ల చేతే దాడి చేయించారు. టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ దీన్ని పరిశోధించి 'గ్రేట్ కానన్' అని పేరు పెట్టింది. దేశం మొత్తం ఇంటర్నెట్ మీద పట్టు ఉన్నవాళ్ళకే అది సాధ్యం.

కానీ మామూలుగా కనిపించేది ఇంత ఘనకార్యం కాదు. 2018 ఏప్రిల్‌లో యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, మరికొన్ని దేశాల పోలీసులు కలిసి మూయించిన వెబ్‌స్ట్రెసర్ అనే సైట్‌లో నెలకు 15 యూరోల నుంచే డీడాస్ దాడులు అద్దెకు దొరికేవి. దానికి నమోదైన వాడకందార్లు 1,36,000 మంది. హ్యాక్ అయిన కెమెరాలను, డీవీఆర్‌లను సైన్యంగా మార్చిన మిరాయ్ అనే మాల్‌వేర్‌ని తయారుచేసింది 20 ఏళ్ళు దాటీ దాటని ముగ్గురు అమెరికా కుర్రాళ్ళు. 2016లో నల్లజాతీయుల హక్కుల ఉద్యమం బ్లాక్ లైవ్స్ మ్యాటర్ సైట్ మీద నెలల తరబడి వందకు పైగా దాడులు జరిగాయి. వాటిని ఆపిన డిఫ్లెక్ట్ బృందం ఇచ్చిన నివేదికలో కనిపించేవి పాత, చవక పద్ధతులే.

అందులో ఒకటి వర్డ్‌ప్రెస్ పింగ్‌బ్యాక్. వర్డ్‌ప్రెస్ అంటే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్; ఎవరైనా మన పేజీకి లింక్ ఇచ్చామని చెబితే అది వెళ్ళి ఆ పేజీని చూసి వస్తుంది, అదే పింగ్‌బ్యాక్. లాగ్ (సర్వర్‌కు వచ్చిన రిక్వెస్టుల చిట్టా) తెరిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒక్కో వరుసలో ఒక్కో సైట్ పేరు ఉంటుంది, ఏదో బేకరీ, ఏదో పెళ్ళి ఫొటోల స్టూడియో, ఏదో చిన్న బడి. వాళ్ళకు ఉద్యమం గొడవే పట్టదు. అప్‌డేట్ చేయని వాళ్ళ వర్డ్‌ప్రెస్‌ను ఎవరో "ఫలానా పేజీ చూసి రా" అని పంపుతున్నారు, అంతే. ప్రతి అడ్రస్ చివరా ఒక ప్రశ్నార్థకం, దాని వెనక అర్థం లేని అంకెలు ఉంటాయి. అంకెలు మారిన ప్రతిసారీ సర్వర్ దాన్ని కొత్త పేజీ అనుకుని, దాచుకున్న కాపీ ఇవ్వకుండా మళ్ళీ మొదటి నుంచి తయారుచేస్తుంది. దాని ప్రాణం పోయేది అక్కడే. 2014లో ఒకే దాడిలో 1,62,000కు పైగా వర్డ్‌ప్రెస్ సైట్లను ఇలా వాడుకున్నట్టు సుకురి అనే వెబ్ భద్రతా సంస్థ లెక్క తేల్చింది. కాబట్టి ఐపీ (ఇంటర్నెట్‌లో మెషీన్ చిరునామా) ఏ దేశానిదో చూసి ఆ దేశమే దాడి చేసిందనడం తొందరపాటు.

అపోహ: హక్కుల సంఘాల మీద దాడులు 1,120 రెట్లు పెరిగాయంటే అది ఎవరూ తట్టుకోలేని దాడి.

ఈ అంకె సైట్లకు రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఇచ్చింది. ఏప్రిల్ చివరి వారాంతంతో పోలిస్తే 2020 మే 30, 31 తేదీల్లో హక్కుల సంఘాల మీద దాడులు ఇన్ని రెట్లు పెరిగాయని చెప్పింది. అబద్ధమని నేననను. కానీ అంతకుముందు దాడులు దాదాపు సున్నా. సున్నా పక్కన ఏం పెట్టినా రెట్లు పెద్దగానే కనిపిస్తాయి. పైగా రక్షణ అమ్ముకునే కంపెనీ చెప్పే లెక్క అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అదే నివేదికలో నాకు పనికొచ్చిన అంకె వేరే ఉంది: ఒకే ఒక్క సైట్ మీదికి సెకనుకు 20,000 రిక్వెస్టులు. పెద్ద నెట్‌వర్క్‌కు అది లెక్కలోకే రాదు. నెలకు నాలుగైదు వందల హోస్టింగ్ మీద నడిచే సంఘం సైట్ మాత్రం అందులో పదో వంతుకే కూలబడుతుంది.

అపోహ: రక్షణకు లక్షలు పోయాలి.

అక్కర్లేదు. గూగుల్ వాళ్ళ ప్రాజెక్ట్ షీల్డ్ 2013 నుంచి, క్లౌడ్‌ఫ్లేర్ ప్రాజెక్ట్ గెలీలియో 2014 నుంచి ఉన్నాయి. మాంట్రియల్ వాళ్ళ డిఫ్లెక్ట్ అంతకంటే ముందుదే. అర్హత ఉన్న సంఘాలకు ఉచితం. అయితే ఉచితానికీ హద్దులుంటాయి. 2016 సెప్టెంబరులో బ్రయన్ క్రెబ్స్ అనే జర్నలిస్టు సైట్ మీద సెకనుకు 620 గిగాబిట్ల దాడి వచ్చినప్పుడు, అప్పటిదాకా ఉచితంగా కాపాడిన అకమాయ్ అనే కంపెనీ ఖర్చు భరించలేక తప్పుకుంది. తర్వాత షీల్డ్ ఆదుకుంది.

నేను ఎక్కువగా చూసే తప్పు డబ్బుకు సంబంధించింది కాదు. సైట్‌కు ముందు నిలబడి ట్రాఫిక్‌ను వడకట్టే రక్షణ కవచం పెట్టుకుంటారు, దాని వెనకున్న అసలు సర్వర్ ఐపీని మాత్రం బయటే వదిలేస్తారు. పాత డీఎన్ఎస్ రికార్డుల్లో (ఏ సైట్ పేరు ఏ ఐపీదో చెప్పే జాబితాల్లో) అది ఉంటుంది. మెయిల్ కూడా అదే మెషీన్ నుంచి పంపిస్తే, న్యూస్‌లెటర్ అందుకున్న ఎవరైనా హెడర్‌లో (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే వరుసల్లో) చూసుకోవచ్చు. దాడి చేసేవాడు కవచాన్ని ముట్టుకోకుండా నేరుగా ఆ ఐపీ మీదికే పోతాడు. అందుకే కవచం పెట్టాక ఐపీ మార్చాలి. మెయిల్ వేరే చోటికి తీసుకెళ్ళాలి. కవచం నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ ట్రాఫిక్ రాకుండా ఫైర్‌వాల్‌లో కట్టేయాలి. ఇవన్నీ ర్యాలీ ముందువారమే అయిపోవాలి. ఆ రోజు ఫోన్ చేస్తే, కొత్త ఐపీ వేయడానికి కూడా లాగిన్ తెరుచుకోదు.

అపోహ: విదేశీ ఐపీలన్నీ ఆపేస్తే సరి.

అప్పుడు మీ ప్రవాస మద్దతుదారులు కూడా ఆగిపోతారు. వార్త పాకిన గంటలోనే దాడీ వస్తుంది, నిజమైన జనమూ వస్తారు, రెంటినీ విడదీయడమే మా పనిలో కష్టమంతా. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే ఐపీ వెనక వేలమంది ఉండొచ్చు కూడా.

అపోహ: సైట్ కాసేపు ఆగితే ఉద్యమానికి వచ్చే నష్టమేముంది?

2014 జూన్‌లో హాంకాంగ్‌లో ఆక్యుపై సెంట్రల్ అనే ప్రజాస్వామ్య ఉద్యమం పాప్‌వోట్ అనే అనధికార రెఫరెండం పెట్టింది. ఓటింగ్ మొదలవకముందే డీడాస్ విరుచుకుపడింది. సెకనుకు 300 గిగాబిట్లు అప్పటికి అతిపెద్ద దాడుల్లో ఒకటి. మూడు రోజుల ఓటింగ్‌ను పది రోజులకు పొడిగించి, మామూలు పోలింగ్ కేంద్రాలు కూడా నడిపారు. చివరకు 7.9 లక్షల ఓట్లు పడ్డాయి. గడువు పొడిగించే వీలు, కాగితం దారి లేకపోయుంటే ఆ నష్టమేమిటో తెలిసేది.

అపోహ: డీడాస్ కూడా ఆన్‌లైన్ ధర్నాయే, మనమూ ఎదురు దాడి చేద్దాం.

2010 డిసెంబరులో అనానిమస్ అనే హ్యాకర్ల గుంపు పిలుపు విని లోయిక్ అనే టూల్‌తో ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ మీద దాడి చేసినవాళ్ళు ఇలాగే అనుకున్నారు. ఆ టూల్ వాడినవాళ్ళ ఐపీని దాచదు. మరుసటి ఏడాది అమెరికాలో 14 మంది మీద కేసులు పెట్టారు. మన ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం దీనికి మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఎదుటివాడు ముందు కొట్టాడన్నంత మాత్రాన మీ మీద కేసు పోదు.

అపోహ: మన దగ్గర సైట్ రాకపోతే అది దాడే.

విదేశంలో ఉన్న స్నేహితుణ్ణి ఒకసారి తెరిచి చూడమనండి. మామూలుగా డీడాస్ అయితే వాళ్ళకూ రాదు. అక్కడ హాయిగా వస్తూ, ఇక్కడ ఒక్కో నెట్‌వర్క్‌లో ఒక్కోలా ఆగుతుంటే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద సైట్‌ను ఆపమని ప్రభుత్వ ఆదేశమేమైనా ఉందేమో వాకబు చేయండి. ఉంటే పిలవాల్సింది నన్ను కాదు, వకీలును.