రోబో కారు దూకుడు నేర్చిన వైనం

2025 సెప్టెంబరులో ఒక రాత్రి, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న శాన్‌ బ్రూనోలో పోలీసులు తాగి నడిపేవాళ్ల కోసం తనిఖీ పెట్టారు. వాళ్ల కళ్లెదుటే ఓ కారు తిరగకూడని చోట యూటర్న్‌ కొట్టింది. ఆపి చూస్తే డ్రైవర్‌ సీటు ఖాళీ. అది వేమో అనే కంపెనీ తిప్పే, డ్రైవర్‌ లేని ట్యాక్సీ. చలానా పుస్తకంలో రోబోకు గడి లేదంటూ, కంపెనీకి సంగతి చెప్పి వదిలేశారు.

ఒకప్పుడు ఈ బండ్ల మీద ఫిర్యాదు సరిగ్గా దీనికి తలకిందులు. వేమో పుట్టిల్లు గూగుల్‌. 2009లో అక్కడి పరీక్ష కారొకటి, నాలుగు వైపులా స్టాప్‌ బోర్డులున్న కూడలిలో ఇరుక్కుపోయింది. అలాంటిచోట అందరూ పూర్తిగా ఆగాలి, ముందొచ్చినవాళ్లు ముందు కదలాలి. అది పుస్తకంలో మాట. రోడ్డు మీద డ్రైవర్లు ఆగీ ఆగకుండా, కొంచెం కొంచెం జరుపుతూ సందు చూసుకుంటారు. కారేమో అవతలివాళ్లు ఆగితేనే కదులుతానంది. వాళ్లు ఆగలేదు. వెనకవాళ్లతోనూ ఇబ్బందే: 2015 మేలో గూగుల్‌ లెక్క చెప్పినప్పుడు ఆరేళ్లలో జరిగిన 11 చిన్న ప్రమాదాల్లో 7 వెనక నుంచి గుద్దించుకున్నవే.

దాంతో బండికి మనుషుల అలవాట్లు నేర్పడం మొదలెట్టారు. కుడికి తిరగాలంటే వెడల్పు లేన్‌లో కుడి అంచుకు జరిగి, ఆగి ఉన్న బండ్ల పక్కనుంచి ముందుకెళ్లడం అందులో ఒకటి. 2016 ఫిబ్రవరి 14న మౌంటెన్‌ వ్యూలోని ఎల్‌ కమీనో రియల్‌ రోడ్డు మీద గూగుల్‌ లెక్సస్‌ అలాగే అంచుకు జరిగింది. ఎదురుగా కాలువ మూత చుట్టూ ఇసుక బస్తాలు. ఆగి, రెండు మూడు బండ్లను పోనిచ్చి, మళ్లీ లేన్‌ మధ్యకు వస్తుంటే వెనక నుంచి సిటీ బస్సు. బస్సే తగ్గుతుందని కారు అనుకుంది, లోపల కూర్చున్న మనిషీ అదే అనుకున్నాడు. బస్సు తగ్గలేదు, రెండూ గుద్దుకున్నాయి. కారు వేగం గంటకు 3 కిలోమీటర్లు, బస్సుది 24. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కొంత తప్పు మాదేనని గూగుల్‌ ఒప్పుకుంది. బస్సులు అంత తేలిగ్గా దారివ్వవని సాఫ్ట్‌వేర్‌కు నేర్పింది. మన ఆర్టీసీ బస్సు వెనక స్కూటర్‌ నడిపినవాళ్లెవరికైనా ఈ పాఠం కొత్తేం కాదు.

2023 ఆగస్టులో కాలిఫోర్నియా నియంత్రణ మండలి శాన్‌ఫ్రాన్సిస్కోలో రాత్రింబవళ్లు కిరాయికి తిరగడానికి వేమోకూ, దాని పోటీ కంపెనీ క్రూజ్‌కూ అనుమతిచ్చింది. ఆ మర్నాటి రాత్రే క్రూజ్‌ కార్లు నార్త్‌ బీచ్‌ అనే పేటలో నడిరోడ్డున నిలిచిపోయి దారి మూసేశాయి. అక్టోబరులో ఒక పాదచారిని ఈడ్చుకెళ్లిన ఘటనతో క్రూజ్‌ పర్మిట్‌ పోయింది. చివరికి దుకాణమే కట్టేసింది.

మిగిలిన వేమో బెరుకు వదిలించుకుంది. 2025లో ఆస్టిన్‌లో దాని కార్లు పిల్లల కోసం ఆగి ఉన్న స్కూలు బస్సులను దాటకూడని వేళ దాటుకుని పోతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. సాఫ్ట్‌వేర్‌ రీకాల్‌ చేసి సరిదిద్దాల్సి వచ్చింది. ఈ తొందర మనుషులకు బాగా తెలిసిందే.

కాలిఫోర్నియా 2024లోనే ఒక చట్టం చేసి పెట్టుకుంది. దాని ప్రకారం 2026 జూలై నుంచి పోలీసులు ఇలాంటి కారును పట్టుకుంటే నేరుగా తయారీ సంస్థ పేరనే కాగితం రాయొచ్చు. ఆ కాగితాన్ని చట్టం చలానా అనలేదు, నోటీసు అంది.