‘రయట్ యాక్ట్ చదవడం’ వెనక ఉన్న కథ

ఎవరికైనా గట్టిగా చీవాట్లు పెడితే ఇంగ్లీషువాళ్లు ‘రయట్ యాక్ట్ చదివారు’ అంటారు. అల్లర్ల చట్టానికీ, ఆలస్యంగా ఇల్లు చేరిన కొడుకును తల్లి మందలించడానికీ సంబంధమేమిటో వినగానే తట్టదు. కానీ బ్రిటన్‌లో ఒకప్పుడు ఆ చట్టం పేరిట నిజంగానే జనం ముందు నిలబడి చదివేవారు.

1714లో రాణి ఆన్ చనిపోయాక, జర్మనీలోని హానోవర్ నుంచి వచ్చిన మొదటి జార్జి రాజయ్యాడు. ఆయన రాక గిట్టనివాళ్లు చాలా పట్టణాల్లో అల్లర్లకు దిగారు. దాంతో పార్లమెంటు తెచ్చిన రయట్ యాక్ట్ 1715 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. 12 మంది గానీ, అంతకన్నా ఎక్కువమంది గానీ గుమిగూడి గొడవ చేస్తుంటే మేజిస్ట్రేటు వచ్చి, వెళ్లిపొమ్మనే ప్రకటనను రాజు పేరిట బిగ్గరగా చదవాలి. ఆ తర్వాత గంట గడిచినా కదలనివాళ్లకు మరణశిక్షే. వాళ్లను చెదరగొట్టేటప్పుడు ఎవరి ప్రాణం పోయినా సైనికుల మీద కేసు ఉండదు. ప్రకటనలో ఒక్క మాట తగ్గినా చెల్లదు. చివర రావాల్సిన ‘గాడ్ సేవ్ ది కింగ్’ చదవలేదని 1830లో ఒక కేసులో ఆ చట్టం వర్తించదని కోర్టు తేల్చింది.

మాట తప్పకుండా చదవడం మీద అంత పట్టింపు. అది జనం చెవిన పడిందా అన్నదాని మీద మాత్రం లేదు. నా దృష్టిలో అసలు దారుణం అదే. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో పార్లమెంటు సంస్కరణలు కోరుతూ దాదాపు 60,000 మంది చేరారు. అప్పటికి ఆ ఊరికి సొంత ఎంపీ కూడా లేడు. చట్టం చదివామన్నారు మేజిస్ట్రేట్లు. మాకేమీ వినపడలేదన్నారు అక్కడున్నవాళ్లు. మైకుల్లేని రోజుల్లో అంత జనానికి ఒక మనిషి గొంతు ఎలా అందుతుంది? గుర్రాల మీద కత్తులతో సైనికులు విరుచుకుపడ్డారు. కనీసం 15 మంది చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. దాన్నే పీటర్లూ ఊచకోత అంటారు.

1837లో మరణశిక్ష పోయింది, 1973లో చట్టమే రద్దయింది. అయినా ఈ నుడికారం వట్టి తిట్టు కాదు. ‘ఇదే ఆఖరిసారి చెప్పడం, ఇక నీ ఇష్టం’ అనే గడువు, బెదిరింపు రెండూ అందులో ఉన్నాయి.

144 సెక్షన్ తెలిసిన మనకు ఇదేమీ వింత కాదు. బ్రిటిష్‌వాళ్లు 1860లో తెచ్చిన శిక్షాస్మృతిలో చట్టవిరుద్ధంగా గుమిగూడటానికి ఐదుగురు చాలు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ లెక్క ఐదే.