గడ్డలో ఎముక

ఆడకుక్క రొమ్ములోంచి తీసిన గడ్డను రెండు చెక్కలు చేస్తుంటే ఒక్కోసారి కత్తి కిర్రుమంటుంది. లోపల మృదులాస్థి, నిజమైన ఎముక! రొమ్ములో ఎముకేమిటని మొదటిసారి చూసినవాళ్లు బెదిరిపోతారు. కానీ ఇలాంటి మిశ్రమ గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణం మీదికి తెచ్చేవి కావు. (ఆ ఎముక కణాలే చెడిపోతే మాత్రం కథ వేరు. అది అరుదు.)

కుక్కకు సాధారణంగా ఐదు జతల పాలగ్రంథులుంటాయి. గడ్డలు ఎక్కువగా వెనకకాళ్ల వైపున్న రెండు జతల్లో లేస్తాయి. 3 సెం.మీ. లోపుంటే ఆశ ఎక్కువ, 5 దాటితే తక్కువ. చేతికి తెలిసేది ఇంచుమించు అంతే. మిగతాది గాజు పలక మీద చదవాల్సిందే.

ఫార్మలిన్‌లో నానిన ముక్కను మైనంలో పోతపోసి, వెంట్రుక కన్నా పలచని పొరలుగా కోసి, ఊదా, గులాబీ రంగులు పట్టిస్తారు. అప్పుడు పాథాలజిస్టు, అంటే కణాలు చూసి జబ్బు తేల్చే డాక్టరు, చూసేవి మూడు. కణాలు ఇంకా పాలనాళాల్లా గుండ్రంగా పేర్చుకుంటున్నాయా, ఆ అలవాటు మరిచాయా? కేంద్రకాలు ఒకే తీరున ఉన్నాయా, తలో తీరుగానా? మైక్రోస్కోపులో పది చోట్ల చూస్తే ఎన్ని కణాలు విభజన మధ్యలో దొరికాయి? ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 5 వరకూ మొదటి గ్రేడు, 6-7 రెండోది, 8-9 మూడోది. తక్కువ మార్కులొస్తే సంతోషించే పరీక్ష ఇదొక్కటేనేమో! మనుషుల రొమ్ము క్యాన్సర్‌కు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 1991లో స్థిరపడిన పద్ధతి ఇది. మాడ్రిడ్‌లో లారా పెన్యా బృందం దీన్ని కుక్కలకు తగ్గట్టు సర్ది, ఆపరేషనయ్యాక రెండేళ్లు గమనించి, 2013లో ఫలితాలు ప్రచురించింది.

మార్కులతోనే పని అయిపోదు. రక్తనాళంలోనో లింఫు గ్రంథిలోనో క్యాన్సర్ కణాల గుంపు కనిపిస్తే అప్పటిదాకా ఉన్న ధైర్యం సగం పోతుంది. పాలను బయటికి నెట్టే కండర స్వభావపు కణాలు కూడా కలిసి పెరిగిన క్యాన్సర్, ఒకే రకం కణాలున్నదాని కన్నా సాధారణంగా దూకుడు తక్కువది.

అన్నిటికన్నా చెడ్డదానిలో చాలాసార్లు విడిగా గడ్డే ఉండదు. రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే కుక్క మూలుగుతుంది. పాలవాపు అనుకుని మందు రాస్తారు. స్లైడు మీద చూస్తే చర్మంలోని సన్నని లింఫు నాళాలు క్యాన్సర్ కణాలతో పూడుకుపోయి ఉంటాయి. దీనికి మామూలుగా కత్తి పెట్టరు.