'పారాబెన్ ఫ్రీ' లేబుల్ వెనక ఏం జరిగింది?

'పారాబెన్ ఫ్రీ' అని రాసి ఉన్న క్రీమే ముఖాన్ని మండిస్తోందంటూ గొడవ మళ్లీ మొదలైంది. ఈ గొడవకు మూలం 2004, 2005లలో ఉంది.

నీళ్లు కలిసిన క్రీములో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిని ఆపడానికి 1920ల నుంచీ పారాబెన్లు అనే రసాయనాలు వేస్తున్నారు. 2004లో ఒక బ్రిటిష్ అధ్యయనం 20 రొమ్ము కణితుల నమూనాల్లో పారాబెన్ల జాడలు కనుగొంది. క్యాన్సర్ వాటివల్లే వచ్చిందని అందులో తేల్చలేదు, మామూలు కణజాలంతో పోల్చి చూడనూ లేదు. అయినా జనానికి భయం పట్టుకుంది. కంపెనీలకు కొత్త లేబుల్ దొరికింది.

పారాబెన్ తీసేస్తే ఆ చోట ఇంకోటి వేయాలి కదా. 2005లో యూరప్ మిథైల్‌ఐసోథయాజోలినోన్ (ఎంఐ) అనే ప్రిజర్వేటివ్‌ను విడిగా 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) దాకా వాడుకోనిచ్చింది. అప్పటిదాకా అది మరో రసాయనంతో కలిపే వాడుకలో ఉండేది. ఆ మిశ్రమం 1980లలోనే ఎలర్జీలు తెచ్చిపెట్టడంతో దాన్ని 15 పీపీఎంకు పరిమితం చేశారు. అందులో ఎంఐ వాటా నాలుగు పీపీఎం కూడా ఉండదు. అక్కడి నుంచి ఏకంగా వందకు! విడిగా దాని శక్తి తక్కువ కాబట్టి ఎక్కువ వేయక తప్పదన్నది పరిశ్రమ మాట.

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. తడి వైప్స్‌తో పిల్లల ఒంటి మీద, తుడిచే పెద్దల వేళ్ల మీద దద్దుర్లు వచ్చాయి. ఎలర్జీ తేల్చడానికి అనుమానమున్న రసాయనాలు పెట్టిన పట్టీలను వీపు మీద అంటించి రెండు రోజులు ఉంచుతారు. వాటిలో మొదట పాత మిశ్రమమే ఉండేది. అందులో ఎంఐ పాలు మరీ తక్కువ కావడంతో చాలామందికి నెగెటివ్ వచ్చేది. రిపోర్టు బాగానే ఉండేది, దురద మాత్రం తగ్గేది కాదు.

2013 డిసెంబరులో యూరప్ శాస్త్రీయ కమిటీ, రాసుకుని కడిగేయని వాటిలో ఎంఐకి సురక్షిత మోతాదంటూ ఏదీ తేలలేదంది. అప్పుడే పరిశ్రమ సంఘం కూడా వాటిలో వాడొద్దని సభ్యులకు చెప్పింది. నిషేధం అమలయ్యేసరికి 2017 వచ్చింది.

2014లో యూరప్ ఐదు రకాల పారాబెన్లను నిషేధించిన మాట నిజమే. అది హాని రుజువై కాదు, భద్రతకు తగిన సమాచారం లేక. మిగిలినవి పరిమితులతో నేటికీ చెల్లుతాయి. 2013లో ఎంఐని 'ఈ ఏటి ఎలర్జీ కారకం'గా ఎంచిన అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ (చర్మ ఎలర్జీ నిపుణుల సంఘం), 2019లో పారాబెన్లను 'ఎలర్జీ కలిగించనివి'గా ప్రకటించింది. అయినా డబ్బాల మీద ఆ లేబుల్ పోలేదు.